జంట ముద్రల నాణెం: దోషమా, చారిత్రక సాక్ష్యమా?

నాణెంపై బొమ్మగాని అక్షరంగాని రెండుగా కనిపిస్తే దానిని టంకశాల పొరపాటుగా లెక్కగట్టడం సేకర్తలలో పరిపాటి. చరిత్ర పరిశోధకునికి ఆ తొందర తగదు. జంట ముద్రకు కారణాలు వేరువేరు. అవి విడదీసి చూడనిదే నాణెం ఆధారంగా చేసిన కాలనిర్ణయం నిలవదు.

ప్రాచీన టంకశాలలో క్రింది అచ్చును దిమ్మెలో బిగించి, దానిపై లోహపు బిళ్లనుంచి, పై అచ్చును నిలిపి సమ్మెటతో కొట్టేవారు. రెండవ దెబ్బ పడేలోగా బిళ్ల కొద్దిగా కదిలితే అదే గీత, అదే అక్షరం కాస్త ఎడంగా మరల పడుతుంది. ఇది కేవలం ప్రమాదం. అయినా దాని వలన కలిగే భ్రమ చిన్నది కాదు. శాతవాహన నాణేలపై తరచు కనిపించే మూడు వంపుల కొండ గుర్తును పూర్వపండితులు చైత్యమన్నారు. ఆరు వంపుల గుర్తు కూడా విడిగా ఉంది. కదిలి పడిన మూడు వంపులను ఆరుగా చదివితే నాణెం వర్గమే మారిపోతుంది.

రెండవ కారణం పునర్ముద్రణ. ఇందులో ఒకే ముద్ర రెండుసార్లు పడదు. ఒక రాజు ముద్రపై మరొక రాజు ముద్ర పడుతుంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 13,250కి పైగా వెండి నాణేల నిధి బయటపడింది. అవన్నీ మొదట క్షహరాత నహపాణునివి. వాటిలో సుమారు 9,270 నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండ గుర్తును, ఉజ్జయినీ చిహ్నాన్ని వేయించాడు. నహపాణుని ముఖరేఖలు, గ్రీకు అక్షరాలు వాటి క్రింద నేటికీ తొంగిచూస్తున్నాయి.

నాసిక్ గుహల శాసనాలు ఈ సాక్ష్యాన్ని బలపరుస్తాయి. నహపాణుని అల్లుడు ఉషవదాతుడు భిక్షుసంఘానికి 3,000 కార్షాపణాలు అక్షయనీవిగా సమర్పించి, సాలెల శ్రేణుల వద్ద వడ్డీకి ఉంచాడు. వర్షావాసం చేసే ఇరవై మంది భిక్షువులకు చీవరాల ఖర్చు ఆ వడ్డీనుండి రావాలని ఏర్పరచాడు. గౌతమీపుత్రుడు తన 18వ పాలనా సంవత్సరంలో, పూర్వం ఉషవదాతుడు అనుభవించిన 200 నివర్తనాల పొలాన్ని అక్కడి భిక్షువులకే ఇచ్చాడు. నాణెంపై ముద్ర మారింది, పొలంపై ప్రభువు మారాడు, విహారానికి దానం మాత్రం ఆగలేదు. క్రింది ముద్రను మలినమని తలచి రుద్ది తొలగించిన సేకర్త ఈ చరిత్రనే చెరిపివేసినవాడవుతాడు.

మూడవ కారణం అచ్చులోని దోషం. 1955 నాటి అమెరికా ఒక సెంటు నాణెం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అచ్చును తయారుచేసేటప్పుడే అక్షరాలు రెండుగా దిగినందున, ఆ అచ్చునుండి వచ్చిన ప్రతి నాణెంపైనా అదే జంట కనిపిస్తుంది. అక్కడ పోలిక సహజం. చేతితో పునర్ముద్రించిన నాణేలలో అట్టి పోలిక అనుమానాస్పదం. ప్రతి దెబ్బ వేరుగా పడుతుంది గనుక రెండు నాణేలపై ఒకే జరుగుబాటు, ఒకే గీత, ఒకే అంచు పగులు ఉంటే అవి ఒకే మూసలో పోసిన నకళ్లని భావించాలి. అసలు నాణెంనుండి తీసిన మూస దాని జంట ముద్రను కూడా తెస్తుంది. కనుక క్రింది ముద్ర కనిపించినంత మాత్రాన నాణెం అసలైనదని నిర్ణయించరాదు. బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచున అతుకు గీత, తూకంలో తేడా అన్నిటినీ కలిపి పరిశీలించాలి.

అతుకు గీత ఒక్కటే మోసానికి నిదర్శనం కాదు. సంగారెడ్డి సమీపంలోని కొండాపూర్ తవ్వకాలలో బౌద్ధ కట్టడాల అవశేషాలతోపాటు నాణేలను పోతపోసే మట్టి మూసలు కూడా దొరికాయి. ప్రాచీనులు కొన్ని నాణేలను పోతపోసేవారు. ఏ వర్గం నాణెం ఏ పద్ధతిలో తయారైందో తెలిసినవారే తీర్పు చెప్పగలరు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం దొరికిన చోటు. స్తూపపు పునాది పొరలో దొరికిన అరిగిపోయిన సీసపు బిళ్ల ఆ కట్టడం కాలాన్ని సూచిస్తుంది. అంగడిలో కొన్న మెరిసే నాణెం ఆ పని చేయలేదు. 1878 నాటి నిధుల చట్టం, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలని విధించింది. ఆ నియమాన్ని పాటించి, నాణేన్ని కడగక, దొరికిన పొరను, లోతును వ్రాసి ఉంచితే రెండు ముద్రలూ తమ సాక్ష్యాన్ని తామే పలుకుతాయి.