‘పిపిన్’ ఆగిపోయిన వసంతం

1980 డిసెంబరులో డెలవేర్ రాష్ట్రంలోని సీజర్ రాడ్నీ హైస్కూలులో నాటకాలకు దర్శకత్వం వహించే ఇంగ్లీషు టీచరు, మరుసటి వసంతంలో పిల్లలచేత ఆడించడానికి ‘పిపిన్’ అనే సంగీతనాటకాన్ని ఎంచుకున్నారు. షార్లమేన్ చక్రవర్తి కొడుకు తన బ్రతుక్కి అర్థం వెదుక్కుంటూ యుద్ధాన్నీ, భోగాన్నీ, రాజ్యాధికారాన్నీ రుచిచూసి, చివరికి ఒక సాధారణ సంసారంలో కుదురుకునే కథ అది. స్టీఫెన్ ష్వార్ట్జ్ సంగీతంతో, బాబ్ ఫాసీ దర్శకత్వంలో 1972లో బ్రాడ్వేకి వచ్చి 1,944 ప్రదర్శనలు పూర్తిచేసుకుంది. అందులోని శృంగార ఘట్టాలు బడిపిల్లలకు తగవని ఆ టీచరుకూ తెలుసు. అందుకే అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ను సంప్రదించి, అభ్యంతరకరమైన భాగాలను తొలగించిన తరువాతే రిహార్సళ్ళు మొదలయ్యాయి.

మార్చిలో, నటిస్తున్న పిల్లల్లో ఒకరి తండ్రి, ఈ నాటకం మతాన్ని ఎగతాళి చేస్తున్నదని తన సోదరుడికి ఫిర్యాదు చేశాడు. ఆ సోదరుడే స్కూల్ బోర్డు అధ్యక్షుడు. విచారణ సూపరింటెండెంట్‌ చేతికి వెళ్ళింది. సవరించిన ప్రతిని చదివిన ఆయన, మతాన్ని హేళన చేసినదేమీ లేదని తేల్చాడు. కానీ శృంగారం పాలు ఎక్కువైనందువల్ల ప్రభుత్వ పాఠశాలకు తగదని నాటకాన్ని ఆపించాడు. ఫిర్యాదు ఒకటి, తీర్పు మరొకటి. తల్లిదండ్రుల వాదనలు విన్నాక కూడా బోర్డు ఆ నిర్ణయాన్ని మార్చలేదు. ఆ ఏడాది వసంతంలో ఆ బడిలో నాటకమే లేదు.

ముగ్గురు విద్యార్థులు తల్లిదండ్రుల ద్వారా కోర్టుకు వెళ్ళారు. రాజ్యాంగపు మొదటి సవరణ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛకు భంగం కలిగిందన్నది వారి వాదన. జిల్లా న్యాయస్థానంలో ఓడిపోయారు. 1981లోనే మూడవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం ఆ తీర్పును ఖాయం చేసింది. బడి నాటకం పాఠ్యక్రమంలో భాగమనీ, నాటకాన్ని ఎంచుకోవడం పాఠాన్ని ఎంచుకోవడం వంటిదేననీ, ఏ విద్యార్థినీ తన సొంత అభిప్రాయం చెప్పకుండా ఎవరూ అడ్డుకోలేదనీ దాని సారాంశం.

తర్కం బాగానే ఉంది. కానీ పాఠాన్ని విద్యార్థి వింటాడు, నాటకాన్ని నెలల తరబడి తన గొంతుతో, ఒంటితో నిలబెడతాడు. ఈ తేడాకు తీర్పులో పెద్దగా చోటు దొరకలేదు. 1988లో హేజెల్‌వుడ్ కేసులో సుప్రీం కోర్టు 5–3 ఆధిక్యంతో ఇదే దారి పట్టింది. అది మిస్సోరిలోని ఒక బడి పత్రికకు సంబంధించిన వివాదమే అయినా, బడి పేరుమీద జరిగే నాటక ప్రదర్శనలను కూడా తీర్పు స్పష్టంగా ప్రస్తావించింది. విద్యాసంబంధమైన సహేతుక కారణం చూపగలిగితే చాలు, బడి వాటిని నియంత్రించవచ్చు.

ఎంపిక ఇంత బరువైన వ్యవహారం కాని రోజులూ ఉన్నాయి. గిల్బర్ట్, సలివన్‌ల ‘పినఫోర్’ 1878లో లండన్‌లో వెలువడినప్పుడు, విదేశీ రచనలకు అమెరికాలో కాపీరైటు రక్షణ లేదు. 1891 దాకా ఆ చట్టమే రాలేదు. ఎవరైనా ఆడుకోవచ్చు, ఎవరికీ పైకం చెల్లించనక్కరలేదు. ఆ నష్టాన్ని తప్పించుకోవడానికే రచయితలిద్దరూ సముద్రం దాటివచ్చి, తరువాతి నాటకం ‘పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్’ను 1879 డిసెంబరు 31న న్యూయార్కులో మొదలుపెట్టారు. ఔత్సాహిక బృందాలకు ‘పినఫోర్’ వరంలా దొరికింది. నావికుల గుంపు ఒకవైపు, మంత్రిగారి బంధువులైన ఆడవాళ్ళ గుంపు మరొకవైపు. ఎందరు పిల్లలు వచ్చినా నిలబడడానికి చోటుంటుంది.

1943లో ‘ఓక్లహోమా!’తో పరిస్థితి మారింది. పాటా కథా విడదీయరాకుండా అల్లుకున్న నాటకాలే ఆ తరువాత ఆదర్శమయ్యాయి. వాటి హక్కులు గట్టి చేతుల్లో ఉన్నాయి. 1952లో స్వరకర్త ఫ్రాంక్ లెసర్, వాద్యరచయిత డాన్ వాకర్ కలిసి స్థాపించిన మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలు నాటక ప్రతులను అద్దెకిస్తాయి. ఆట అయిపోయాక పెన్సిలు గీతలు చెరిపి తిరిగి పంపవలసి ఉండేది. అనుమతి లేకుండా ఒక్క మాట మార్చినా ఒప్పందాన్ని ఉల్లంఘించినట్లే. తరగతి గదిలో పాఠంలో భాగంగా ఆడుకుంటే కాపీరైటు చట్టం 110వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. టికెట్టు పెట్టకపోయినా సరే, ఊరిని పిలిచి రంగస్థలం మీద ఆడితే ఆ మినహాయింపు వర్తించదు. సభ్యత కోసం టీచర్లు తామే పెన్సిలుతో చేసుకునే కత్తిరింపులకు ఈ ఏర్పాటులో తావు లేదు.

గొంతు సంగతి మరొకటి. కౌమారంలో మగపిల్లల స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవై మందమవుతాయి. మాటస్వరం దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల్లో ఈ మార్పు స్వల్పం. పద్నాలుగేళ్ళవాడి గొంతు నిన్న పలికిన స్వరం ఇవాళ పలకకపోవచ్చు. మన పద్యనాటకంలోనైతే నటుడి గొంతును బట్టి హార్మోనియం శ్రుతి మార్చుకుంటుంది. బ్రాడ్వే నాటకంలో శ్రుతి అచ్చులోనే స్థిరపడి ఉంటుంది, వాద్యబృందం ముందున్న కాగితాలన్నీ దాన్నే అనుసరిస్తాయి. ముప్ఫయ్యేళ్ళ గాయకుడి కోసం రాసిన పాటను, గొంతు ఇంకా కుదురుకోని బాలుడిచేత నెలల తరబడి అరిపించడం సంగీతానికీ మంచిది కాదు, స్వరతంతువులకూ మంచిది కాదు. నాటకాన్ని ఎంచుకునేటప్పుడు కథలోని సభ్యత గురించి జరిగిన చర్చలో పదోవంతైనా దీని గురించి జరిగినట్టు కనబడదు.

2000 తరువాత హక్కుదారులే ‘స్కూల్ ఎడిషన్’ల పేరిట దారి చూపారు. ‘లే మిజరాబ్లే’ను కుదించి, కొన్ని పాటల శ్రుతి తగ్గించారు. ఎయిడ్స్ నీడలో బ్రతికే యువకళాకారుల కథ ‘రెంట్’కు కూడా ఒక పాట తీసేసి బడి ప్రతి తెచ్చారు. అయినా గొడవలు ఆగలేదు. మిస్సోరిలోని ఫుల్టన్ హైస్కూలులో 2005లో, సవరించిన ‘గ్రీస్’ మీద కొద్దిమంది ఫిర్యాదు ఉత్తరాలు రాశారు. ఆ ‘గ్రీస్’ అప్పటికే ప్రదర్శించబడింది. దెబ్బ పడింది మాత్రం ఆ తరువాత ఆడవలసిన ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’ మీద. నిందకు భయపడే ఊరి గురించిన నాటకాన్ని నిందకు భయపడే రద్దుచేశారు.

మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో 1999లో జరిగింది వేరు. అక్కడి హైస్కూలు ఎంచుకున్న ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో పోర్టోరికో వాసుల చిత్రణ అవమానకరంగా ఉందని ఒక విద్యార్థి సంతకాల సేకరణ మొదలుపెట్టింది. వాదోపవాదాల తరువాత బడి ఆ నాటకాన్ని విరమించుకుంది. ఫలితం ‘పిపిన్’ విషయంలో జరిగినట్టే ఉన్నా, ప్రశ్న పుట్టింది పిల్లల్లోంచి. వేషం వేయవలసినవాళ్ళు తామెవరిగా రంగస్థలం మీద కనబడాలన్న విషయంలో నోరు విప్పారు. ఆ అభ్యంతరంతో ఏకీభవించకపోవచ్చు. అయినా, సోదరుడి చెవిలో ఊదిన ఫిర్యాదుకన్నా అది గౌరవించదగినది.

ఇన్ని జల్లెళ్ళలోంచి చివరికి మిగిలేదేమిటో అమెరికా విద్యారంగస్థల సంఘపు ‘డ్రమాటిక్స్’ పత్రిక ఏటా ప్రకటించే జాబితాలు చూపుతాయి. గడచిన దశాబ్దంలో పలుమార్లు అగ్రస్థానంలో నిలిచింది ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’. 2010లో బ్రాడ్వేకి వచ్చినప్పుడు విమర్శకులు పెదవి విరిచిన నాటకం అది. అందులో సమాధుల్లోంచి లేచివచ్చే పూర్వీకులు పాడతారు, ఆడతారు. వాళ్ళ సంఖ్యకు పరిమితి లేదు, ‘పినఫోర్’ నావికులకు లేనట్టే.