కాంపాక్టా... పాత డీఎస్‌ఎల్‌ఆరా? కెమెరా కొనేముందు తెలుసుకోవలసినవి

మెదక్: చేతిలో ఉన్న సొమ్ము పరిమితం. దానితో కాంపాక్ట్ డిజిటల్ కెమెరా కొనాలా, లేక ఇంచుమించు అదే ధరకు దొరికే, కొన్నేళ్లు వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలా? ఫొటోగ్రఫీని ఉపాధిగా ఎంచుకోదలచిన గ్రామీణ యువతకు, ఇంటి వేడుకలను పదిలపరచుకోవాలనుకునే కుటుంబాలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. పంట అమ్మిన డబ్బుతోనో, అప్పు చేసో కొన్న కెమెరా ఆరు నెలలకే అటకెక్కితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. తలంబ్రాల ఘట్టం ఒక్కసారే వస్తుంది. ఆ క్షణాన కెమెరా మొరాయిస్తే మళ్లీ తీసే వీలుండదు. నమ్మి పని అప్పగించిన వారి వద్ద పోయిన పేరు అంత సులువుగా తిరిగి రాదు. అందుకే దుకాణం మెట్లెక్కే ముందే ఈ రెండు రకాల కెమెరాల బలాలు, బలహీనతలు తెలుసుకోవడం అవసరం.

రెండింటికీ తేడా ఏమిటి?

కాంపాక్ట్ కెమెరాలో లెన్స్, సెన్సార్, ఫ్లాష్ అన్నీ ఒకే పెట్టెలో బిగించి ఉంటాయి. లెన్స్‌ను మార్చే వీలుండదు. జేబులో పడుతుంది, మీట నొక్కితే చాలు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుతురు లోపలి అద్దంపై పడి, పైనున్న పట్టకం లేదా అద్దాల అమరిక ద్వారా కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని, వెలుతురు సెన్సార్‌ను తాకుతుంది. అవసరాన్ని బట్టి లెన్స్‌లు మార్చుకోవచ్చు. పాత కాంపాక్ట్‌లలో మీట నొక్కిన తరువాత బొమ్మ పడటానికి కొంత ఆలస్యం అవుతుంది. పరుగెత్తే పిల్లవాడు, ఎగిరే పక్షి ఈలోగా చట్రం దాటిపోవచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ జాప్యం దాదాపుగా ఉండదు.

మెగాపిక్సెళ్ల మాయ

దుకాణదారులు ముందుగా చెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. కానీ చూడవలసింది సెన్సార్ పరిమాణం. సాధారణ కాంపాక్ట్‌లలో వాడే సెన్సార్ కొలత సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. నికాన్ ప్రాథమిక శ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అది దాదాపు 23.6 × 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఇది 13 రెట్లు. వాకిట్లో వాన పడుతున్నప్పుడు గ్లాసులో కంటే గంగాళంలో ఎక్కువ నీరు చేరినట్లే, పెద్ద సెన్సార్‌పై ఎక్కువ వెలుతురు పడుతుంది. అందుకే మసక వెలుతురులో 6 మెగాపిక్సెళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ తీసిన చిత్రం 14 మెగాపిక్సెళ్ల కాంపాక్ట్ చిత్రం కంటే శుభ్రంగా ఉండవచ్చు.

ముద్రణకు ఎన్ని పిక్సెళ్లు కావాలన్నది కూడా లెక్క వేసి చూసుకోవచ్చు. 2006లో వచ్చిన నికాన్ డీ40 చిత్రం 3008 × 2000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 10 అంగుళాల వెడల్పు, 6.7 అంగుళాల ఎత్తు గల ఫొటో స్పష్టంగా వస్తుంది. ఇంటి ఆల్బమ్‌కు ఇది సరిపోతుంది. ఒకే చిత్రాన్ని ఆల్బమ్ నిండు పుటకు పరచాలన్నా, గోడకు పెద్దగా వేలాడదీయాలన్నా 12 మెగాపిక్సెళ్లు, అంతకు పైన ఉన్నవి మేలు.

చర్చిలో అసలు పరీక్ష

మెదక్ పట్టణానికి వచ్చే ప్రతి కెమెరాకూ పెద్ద పరీక్ష ఇక్కడి కెథడ్రల్. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కరవు కాలంలో ప్రజలకు పని కల్పిస్తూ నిర్మించిన ఈ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. 2024తో నూరేళ్లు పూర్తి చేసుకుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు దాదాపు 175 అడుగులు.

పట్టపగలు ఆవరణలో నిలబడి గోపురాన్ని తీయడానికి కాంపాక్ట్ చాలు. వెలుతురు పుష్కలంగా ఉన్నచోట రెండు కెమెరాల చిత్రాల మధ్య తేడా సామాన్యుడి కంటికి అంతగా తెలియదు. లోపలికి వెళితే పరిస్థితి మారుతుంది. ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు బయటి సూర్యకాంతితోనే వెలుగుతాయి. కిటికీ మెరుస్తుంది, చుట్టూ ఉన్న గోడ చీకటిగా ఉంటుంది. ఫ్లాష్ వేస్తే అద్దం రంగులు వెలవెలబోతాయి. ఇటువంటి చోట చిన్న సెన్సార్ కిటికీని తెల్లగా మాడ్చేస్తుంది, లేదా గోడను నల్లటి మరకగా మిగులుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో రా పద్ధతిలో తీస్తే వెలుగునీడలను తరువాత కంప్యూటర్‌పై కొంతవరకు సరిదిద్దుకోవచ్చు. ప్రార్థనా మందిరాల లోపల ఫొటోలు తీసేముందు అనుమతి తీసుకోవడం మరువరాదు.

ఏడుపాయల, పోచారంలో లెక్క వేరు

మంజీర ఏడు పాయలుగా చీలే చోట కొలువైన వనదుర్గా భవానీ సన్నిధిలో మహాశివరాత్రికి జాతర జరుగుతుంది. ఆ జనసందోహంలో మెడలో బరువైన కెమెరా, భుజాన లెన్స్‌ల సంచీ మోయడం కష్టం. దుమ్ము రేగే చోట లెన్స్ మారిస్తే సెన్సార్‌పై ధూళి చేరుతుంది. లెన్స్ బిగించి ఉండే కాంపాక్ట్‌కు ఆ ఇబ్బంది తక్కువ. పగటిపూట జాతర చిత్రాలకు అదే అనువు.

పోచారం అభయారణ్యం, చెరువు వద్ద పక్షులను తీయాలనుకునే వారి విషయంలో సామాన్యంగా ఉండే అభిప్రాయం తలకిందులవుతుంది. 300 మిల్లీమీటర్ల లెన్స్ నికాన్ ప్రాథమిక శ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌పై 450 మిల్లీమీటర్లకు సమానమైన దృశ్యాన్ని ఇస్తుంది. 2012 నాటి కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్ 1200 మిల్లీమీటర్ల వరకు, 2015 నాటి నికాన్ కూల్‌పిక్స్ పీ900 ఏకంగా 2000 మిల్లీమీటర్ల వరకు దగ్గరకు లాగుతాయి. జేబులో పట్టకపోయినా ఇవీ చిన్న సెన్సార్, బిగింపు లెన్స్ గల కెమెరాలే. అంత దూరం అందుకునే డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ ధర సామాన్యుడు భరించలేనిది. ఎండలో నిలకడగా కూర్చున్న కొంగను తీయడానికి ఇవే అనుకూలం. మబ్బు పట్టినప్పుడు, పక్షి ఎగిరినప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్‌ది పైచేయి.

వరి ఆకుపై తెగులు మచ్చలను, పురుగును దగ్గరగా తీసి వ్యవసాయాధికారికి చూపాలనుకునే రైతుకు కూడా కాంపాక్ట్ ఉపయోగపడుతుంది. పలు కాంపాక్ట్‌లు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ చేయగలవు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో వచ్చే 18-55 లెన్స్‌కు అంత దగ్గర సాధ్యం కాదు.

పెళ్లి పందిరిలో

రాత్రి ముహూర్తం, టెంటు కింద పచ్చటి బల్బుల వెలుతురు, కదిలే మనుషులు. ఇక్కడ కాంపాక్ట్ చేతులెత్తేస్తుంది. దాని ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటదు. ముందున్న ముఖాలు తెల్లబడి వెనుకనున్నవి చీకట్లో కలిసిపోతాయి. డీఎస్‌ఎల్‌ఆర్‌పై విడి ఫ్లాష్ బిగించి వెలుతురును పైకప్పుకు కొట్టి తిప్పుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే, ఎఫ్/3.5 వద్ద ఉన్న లెన్స్ కంటే దాదాపు నాలుగు రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. డబ్బు తీసుకుని వేడుకలు తీయదలచిన వారికి పాత డీఎస్‌ఎల్‌ఆర్ తప్ప వేరే చవక మార్గం లేదు. అయితే ఒకే కెమెరాను నమ్ముకుని పెళ్లికి వెళ్లడం ప్రమాదకరం. రెండో కెమెరా సొంతానికి లేకపోతే అద్దెకైనా తీసుకెళ్లడం వృత్తి ధర్మం.

ఏ సంవత్సరపు మోడల్?

ఆరు మెగాపిక్సెళ్ల కెనాన్ ఈఓఎస్ 300డీ 2003లో 1,000 డాలర్ల లోపు ధరకు రావడంతో డీఎస్‌ఎల్‌ఆర్ సామాన్యుల చెంతకు చేరడం మొదలైంది. 2004లో నికాన్ డీ70 వచ్చింది. ఈ తొలి తరం కెమెరాలు నేడు మరీ చవక. కానీ ఇవి కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు వాడతాయి, తెరలు చిన్నవి, వీడియో రాదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వీడియో 2008లో నికాన్ డీ90తోనే మొదలైంది. వీడియో కూడా కావాలనుకునే వారు 2010 తరువాతి మోడళ్లను చూడటం మంచిది. నికాన్ డీ3100 (2010), డీ3200 (2012), కెనాన్ 1200డీ (2014) వంటివి ఎస్‌డీ కార్డులతో పనిచేస్తాయి, పూర్తి హెచ్‌డీ వీడియో ఇస్తాయి.

2018 నుంచి కెనాన్, నికాన్ సంస్థలు రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లాయి. ఫలితంగా వాడిన డీఎస్‌ఎల్‌ఆర్‌లు, లెన్స్‌లు విరివిగా, చవకగా దొరుకుతున్నాయి. మరోవైపు పాత మోడళ్ల విడిభాగాలు క్రమంగా కరవవుతాయన్న సంగతినీ గుర్తుంచుకోవాలి.

లెన్స్ చిక్కు

నికాన్ డీ40, డీ60, డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల లోపల ఫోకస్ మోటారు ఉండదు. 50 ఎంఎం ఎఫ్/1.8డీ వంటి పాత లెన్స్‌ను వీటికి బిగిస్తే చేతితోనే ఫోకస్ చేసుకోవాలి. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్స్‌లు కొనాలి. డీ70, డీ80, డీ90, డీ7000లకు ఈ ఇబ్బంది లేదు. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లలో మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. చవకగా వచ్చిందని ముందుగా లెన్స్ కొని తరువాత బాధపడేవారు ఎందరో.

పాత డీఎస్‌ఎల్‌ఆర్ కొనేముందు...

* హైదరాబాద్‌లోని దుకాణాలకు వెళ్లినా, పరిచయస్థుల వద్ద కొన్నా, స్వయంగా చేతిలోకి తీసుకుని పరీక్షించకుండా డబ్బు చెల్లించరాదు.
* షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగాలి. ప్రాథమిక, మధ్య శ్రేణి మోడళ్లలో చాలా వాటి షట్టర్లను లక్ష ఫొటోల ప్రాంతం వరకు పరీక్షిస్తారు. నికాన్‌లో ఒక ఫొటో తీసి దాని వివరాల్లో ఈ లెక్క చూడవచ్చు. కెనాన్‌లో పలు మోడళ్లకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి.
* లెన్స్ గుండా టార్చి వెలుతురు ప్రసరింపజేసి చూడాలి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. అటువంటి లెన్స్‌ను వదిలివేయాలి.
* ఎఫ్/16 వద్ద ఆకాశాన్ని తీసి చూస్తే సెన్సార్‌పై ధూళి నల్లటి చుక్కలుగా కనిపిస్తుంది.
* లెన్స్‌కు మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. మెరిసే రంగు చుక్కలు ఎక్కువగా కనిపిస్తే సెన్సార్ పాడవుతున్నట్లు.
* ఫ్లాష్, కార్డు మూత, చక్రాలు, మీటలు అన్నీ పనిచేయించి చూడాలి. బ్యాటరీ ఉబ్బి ఉందేమో గమనించాలి. ఆ మోడల్‌కు బ్యాటరీ, ఛార్జర్ నేటికీ దొరుకుతున్నాయో ముందే ఆరా తీయాలి.
* బిల్లు, అమ్మకందారు వివరాలు తప్పక తీసుకోవాలి. దొంగిలించిన వస్తువైతే కొన్నవారే చిక్కుల్లో పడతారు.

పాత కాంపాక్ట్ అయితే

ఆన్ చేసినప్పుడు లెన్స్ శబ్దం లేకుండా బయటికి వచ్చి, లోపలికి వెళ్లాలి. ఇసుక రాపిడి వినిపిస్తే కొనరాదు. లెన్స్ ఇరుక్కుంటే మరమ్మతు ఖర్చు కెమెరా విలువను మించుతుంది. కొన్ని పాత ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలకు ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలకు మెమరీ స్టిక్ కావాలి. ఇవి దొరకడం కష్టం. మరీ పాత ఎస్‌డీ కెమెరాల్లో 2 జీబీ దాటిన కార్డు పనిచేయకపోవచ్చు.

ఫోన్ ఉండగా కెమెరా ఎందుకు?

ఈ ప్రశ్న సహేతుకమైనదే. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు చేరగా, 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపునకు పడిపోయింది. ఇందులో ఎక్కువగా నష్టపోయినవి కాంపాక్ట్‌లే. మంచి ఫోన్ ఉన్నవారు చిన్న సెన్సార్, స్వల్ప జూమ్ గల కాంపాక్ట్ కొనడంలో అర్థం లేదు. కొంటే ఎక్కువ ఆప్టికల్ జూమ్ ఉన్నదైనా, 2012లో సోనీ ఆర్‌ఎక్స్100తో ప్రాచుర్యం పొందిన ఒక అంగుళం తరగతి సెన్సార్ ఉన్నదైనా కొనాలి.

ఎవరికి ఏది?

ఇంటి వేడుకలు, ప్రయాణాలకు: ఫోన్ లేదా మంచి జూమ్ గల కాంపాక్ట్. పగటిపూట పక్షులు, జాతరలకు: పెద్ద జూమ్ కెమెరా. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులకు: పాత డీఎస్‌ఎల్‌ఆర్, 18-55 లెన్స్. వేడుకలు తీసి సంపాదించదలచిన వారికి: 2010 తరువాతి డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్, విడి ఫ్లాష్, అదనపు బ్యాటరీ. ఉన్న డబ్బంతా బాడీపైనే వెచ్చించరాదు. అందులో సగమైనా లెన్స్, ఫ్లాష్, కార్డులకు కేటాయించుకోవాలి.

ఏది కొన్నా, వానాకాలంలో తోలు సంచీలో మూసిపెట్టి బీరువాలో దాచరాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వారానికి ఒకసారి బయటికి తీసి వాడుతుండాలి. తీసిన ఫొటోలను రెండు చోట్ల భద్రపరచాలి. అయిదేళ్ల తరువాత కెమెరా ఎంతకు అమ్ముడుపోతుందో అన్నది చిన్న విషయం. అందులో తీసిన అమ్మమ్మ ముఖం, అక్క పెళ్లి ఇంట్లో మిగిలాయా లేదా అన్నదే ప్రధానం.