రెండు వానల దీవి - సింహళ యాత్రకు కాలం చూసిన వారి కథ

సింహళం చూసి రావాలని ఉబలాటపడే మనవారు సాధారణంగా ఎంచుకొనేది మే నెలనే. పిల్లలకు సెలవులుంటాయి, ఇక్కడి ఎండలు తప్పించుకోవచ్చు. కానీ సరిగ్గా ఆ నెల రెండవ సగంలోనే ఆ దీవి నైఋతి భాగానికి ముసురు పడుతుంది. 2017 మే నెలాఖరున అక్కడ వచ్చిన వరదలకూ, విరిగిపడిన కొండచరియలకూ రెండు వందల మందికి పైగా బలయ్యారు. 2003 మే నెలలోనూ రత్నపుర ప్రాంతం అలాగే మునిగింది. కనుక "సింహళంలో వానాకాలం ఎప్పుడు?" అని విచారించి బయలుదేరడం మంచిదే. అయితే ఆ ప్రశ్నను సరిగా అడగడం రావాలి. "ఎప్పుడు?" అన్నది సగం ప్రశ్న మాత్రమే. "ఏ వైపున?" అన్నది తక్కిన సగం. ఈ రెండు సగాలనూ కలిపి తెలుసుకొన్నవారు సుఖంగా తిరిగి వచ్చారు. తెలుసుకోనివారిలో కొందరు ఓడలను, కొందరు సైన్యాలను, ఒకరు జీవితంలో ఇరవై ఏళ్ళను పోగొట్టుకొన్నారు. ఆ కథలే ఇక్కడ ముచ్చటించదలచాను.

ముందుగా భూస్వరూపం. దీవి వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలుగు రాష్ట్రాలలో ఏ ఒక్కదానికన్నా చిన్నదే. కానీ నడుమ, కొంత దక్షిణానికి జరిగి, కొండల గుంపు ఉంది. అందులో పిదురుతలాగల శిఖరం ఎత్తు 2,524 మీటర్లు. మే నుండి సెప్టెంబరు వరకు వీచే నైఋతి గాలి ఈ కొండలను ఢీకొని తన నీటినంతా పడమటి వాలులమీదనే కుమ్మరిస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేసరికి అది ఒట్టి వేడిగాలి. తూర్పుతీరపు తమిళులు దానిని కచ్చాన్ అంటారు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వీచే ఈశాన్య గాలిది ఇందుకు విపర్యయం. అప్పుడు తూర్పు, ఉత్తర భాగాలకు వాన; పడమటికీ దక్షిణానికీ ఎండ. ఈ రెండింటి నడుమ రెండు సంధికాలాలు. మార్చి, ఏప్రిల్ నెలల సంధి మధ్యాహ్నపు ఉరుములతో సరిపుచ్చుకొంటుంది. అక్టోబరు, నవంబరు నెలల సంధి అంత సాధువు కాదు. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలమది.

ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటును తడి మండలమనీ, 1,750కి లోపు పడే చోటును పొడి మండలమనీ అక్కడ వ్యవహరిస్తారు. అనురాధపురం, పొలొన్నరువ వంటి ప్రాచీన రాజధానులు పొడి మండలంలోనే ఉన్నాయి. అందుకే ఆ రాజులు అన్ని చెరువులు తవ్వించారు. మనకు సార్వా, దాళ్వా ఉన్నట్లే వారికీ మహ, యల అని రెండు పంటలు. అయితే మన సార్వా నైఋతి వానతో మొదలైతే, వారి పెద్దపంట మహ ఈశాన్యపు వానను నమ్ముకొంటుంది. మనం కోతలు కోసే కాలానికి వారి చేలలో నాట్లు ఎదుగుతుంటాయి.

ఈ గాలుల లెక్క గురించి మనకు దక్కిన పాత సాక్ష్యాలలో ముఖ్యమైనది రోమక పండితుడు ప్లినీ రచన. క్రీ.శ. మొదటి శతాబ్దంలో, క్లాడియస్ చక్రవర్తి కాలంలో, ఆనియస్ ప్లోకామస్ అనే సుంకం గుత్తేదారు వద్ద విముక్తుడైన బానిస ఒకడు అరేబియా చుట్టూ ఓడలో పోతూ ఉత్తరపు గాలికి చిక్కి, పదిహేనవ నాటికి తామ్రపర్ణీ ద్వీపపు రేవు చేరాడట. ఆరు నెలలు అక్కడే ఉన్నాడట. అతని వద్దనున్న రోమక నాణేలమీద వేర్వేరు చక్రవర్తుల ముఖాలున్నా అన్నిటి తూకమూ ఒక్కటే కావడం చూసి అక్కడి రాజు ముచ్చటపడి, రోముకు నలుగురు దూతలను పంపాడని ప్లినీ వ్రాశాడు. నన్ను ఆకర్షించింది అదే ప్రకరణంలోని మరొక మాట. ఆ సముద్రంలో ఏడాదికి నాలుగు నెలలకు మించి ఓడలు నడపరనీ, ముఖ్యంగా వేసవి అయనాంతం తరువాత నూరు రోజులు కడలి జోలికి పోరనీ అతడంటాడు. జూన్ 21కి నూరు రోజులు కలిపి చూడండి, సెప్టెంబరు నెలాఖరు వస్తుంది. నైఋతి పవనం బలంగా వీచే కాలం సరిగ్గా అదే. ఉపగ్రహాలూ వాతావరణ కార్యాలయాలూ లేని కాలపు నావికులు వేళ్ళమీద కట్టిన లెక్క అది!

మన తీరానికీ ఈ లెక్క తెలియనిది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని నాటి శాసనం ఒకటుంది. క్రీ.శ. మూడవ శతాబ్దానికి చెందిన ఆ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి నుండి వచ్చిన థేరులకు చైత్యగృహం కట్టించినట్లుంది. సీహళ విహారం పేరూ, కంటకశైలం పేరూ అందులోనే కనబడతాయి. ఈ కంటకశైలమే నేటి కృష్ణా జిల్లా ఘంటసాల. కృష్ణ ముఖద్వారం నుండి తెరచాప ఎత్తినవాడు దక్షిణానికి పోవాలంటే ఈశాన్యపు గాలి కావాలి, తిరిగి రావాలంటే నైఋతి గాలి కావాలి. అంటే పోయినవాడు కొన్ని నెలలు అక్కడ ఆగక తప్పదు. ఒక విహారంలో వేరే దేశపు భిక్షువులకు నిలకడైన బస ఎందుకు అవసరమైందో ఈ గాలులను తలచుకొంటే కొంత బోధపడుతుంది.

చీనా భిక్షువు ఫాహియాన్ అయిదవ శతాబ్ది ఆరంభంలో తామ్రలిప్తిలో ఓడ ఎక్కాడు. శీతకాలం మొదలవుతూనే అనుకూలమైన గాలి అందుకొని, పద్నాలుగు రాత్రింబవళ్ళలో సింహళం చేరాడు. రెండేళ్ళుండి, 411లో రెండు వందల మందికి పైగా ఎక్కిన పెద్ద వర్తక నౌకలో స్వదేశానికి బయలుదేరాడు. కొద్దిరోజులకే పెనుగాలి. ఓడకు చిల్లి పడింది. వర్తకులు సరుకులను సముద్రంలోకి విసిరారు. తాను సంపాదించిన గ్రంథాలనూ ప్రతిమలనూ కూడా ఎక్కడ విసిరేస్తారోనని ఆ వృద్ధుడు వణికిపోయాడు. పదమూడు రోజుల తరువాత ఒక దీవి చేరి చిల్లి పూడ్చుకొని, మరి తొంభై రోజులకు యవద్వీపం చేరారు. రావడానికి గాలి కుదిరింది, పోవడానికి కుదరలేదు. ఒకే యాత్రలో రెండు పాఠాలు.

ఇక ఈ కథలన్నిటిలోనూ మన బందరుతో ముడిపడిన కథ రాబర్ట్ నాక్సుది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'ఆన్' బందరు రేవులో సరుకు నింపుకొని స్వదేశానికి బయలుదేరబోతున్నది. 1659 నవంబరు 19న పెద్ద తుపాను వచ్చి అనేక ఓడలను ముంచింది. 'ఆన్' మునగలేదు కానీ, దానిని కాపాడుకోవడానికి పెద్ద తెరకొయ్యను నరికివేయవలసి వచ్చింది. అదే తేదీ, 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెనది కూడా అని చదువరులకు వెంటనే స్ఫురించి ఉంటుంది. ఆనాటి ఇంగ్లీషు పంచాంగం నేటిదానికి పది రోజులు వెనుకబడి ఉండేది కనుక తేదీ సామ్యం కాకతాళీయమే. మాసం సామ్యం మాత్రం కాకతాళీయం కాదు.

కొయ్య విరిగిన ఓడకు నిమ్మళమైన అఖాతం కావాలి. మన తీరంలో అటువంటిది దొరకక, దానిని సింహళపు తూర్పుతీరంలో త్రికోణమల పక్కనున్న కొట్టియారుకు పంపారు. అక్కడ 1660లో కండి రాజు రెండవ రాజసింహుని మనుషులు కెప్టెనునూ, పందొమ్మిదేళ్ళ వయసు కూడా దాటని అతని కొడుకునూ, మరికొందరు నావికులనూ పట్టుకొన్నారు. తండ్రి మరుసటి ఏడు జ్వరంతో పోయాడు. తన చేతులతో తండ్రిని పూడ్చిన ఆ కుర్రవాడు పందొమ్మిదేళ్ళకు పైగా ఆ కొండలలోనే గడిపాడు. గొలుసులు వేయలేదు, చెరసాలలో పెట్టలేదు, కానీ దేశం దాటనివ్వలేదు. టోపీలు అల్లుకొని, ధాన్యం అప్పులిచ్చి, సరుకులు మోసి అమ్ముకొని బ్రతికాడు.

బందీ కావడం వలననే కాబోలు, ఆ దేశపు వానను అతడు చూసినట్లు మరే యాత్రికుడూ చూడలేదు. 1681లో లండనులో అచ్చయిన తన గ్రంథంలో, పడమటి గాలి వీచినప్పుడు పడమట దుక్కులు, తూర్పున కోతలు. తూర్పు గాలి వీచినప్పుడు ఇందుకు తారుమారు అని స్పష్టంగా వ్రాశాడు. ఒక కొండకు ఈవల తడిసి ముద్దయి, ఆవలకు దిగేసరికి నేల కాలికి అంటుకొనేంత వేడిగా ఉండడం స్వయంగా అనుభవించానన్నాడు. నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు పటాలతో చెప్పేది అతడు పాదాలతో చెప్పాడు. చివరకు స్టీఫెన్ రట్లండు అనే సహచరునితో కలిసి మారుబేరగాని వేషంలో ఉత్తరానికి సాగి, మల్వతు ఓయ వెంట అడవిలో నడిచి, 1679 అక్టోబరు 18న డచ్చివారి అరిప్పు కోట చేరాడు. ఆ పొడి మండలంలో ఏరులు పొంగేది ఈశాన్యపు వానలతోనే. మరొక నెల ఆలస్యమైతే ఆ ఏటి గట్టున నడక ఎట్లా ఉండేదో ఊహించవచ్చు.

నాక్సు ఓడకు పట్టిన అవసరమే తరువాతి శతాబ్దంలో యుద్ధాలకు కారణమైంది. చోళమండల తీరమంతటా అప్పట్లో తుపాను కాలానికి తలదాచుకొనే రేవు లేదు. అక్టోబరు రాగానే నౌకాదళాలు మద్రాసు విడిచి పోవలసిందే. త్రికోణమల చేతిలో ఉన్నవాడికి ఆ బాధ లేదు. 1782 జనవరిలో ఆంగ్లేయులు దానిని డచ్చివారి నుండి పట్టుకొన్నారు. ఆగస్టు చివర ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రెన్ వారి నుండి లాగుకొన్నాడు. ఆ రేవు పోయిన ఆంగ్ల నౌకాదళం ఆ అక్టోబరులో బొంబాయికి పోక తప్పలేదు.

భూమిమీద సైన్యాలకూ ఇదే పరీక్ష. 1803లో ఆంగ్లేయులు పొడికాలం చూసుకొనే బయలుదేరి ఫిబ్రవరిలో కండి చేరారు. వచ్చిన కాలం మంచిదే, ఉండిపోయిన కాలం చెడ్డది. అక్కడ వదలిన దళం వానలలో జ్వరాలపాలై, జూన్ 24న లొంగిపోయి నాశనమైంది. 1815లో మళ్ళీ జనవరిలో కదిలి, ఫిబ్రవరి 14న కండి పట్టుకొని, మార్చి 2న ఒప్పందం ముగించారు. ముసురు పట్టేనాటికి పని పూర్తయింది. అప్పుడు పట్టుబడిన శ్రీ విక్రమరాజసింహుడు తెలుగు మూలాలు గల నాయకర్ వంశీయుడు. వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో మరణించాడు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోనక్కరలేదు. 1914లో మొదలైన ధనుష్కోటి-తలైమన్నార్ ఓడదారికి ధనుష్కోటి రేవును లేకుండా చేసింది 1964 డిసెంబరు తుపాను. 2023 అక్టోబరు 14న నాగపట్నం నుండి కాంకేసన్‌తురైకి ప్రయాణికుల ఓడను ఆర్భాటంగా ప్రారంభించారు. ఈశాన్య ఋతువు వాకిట నిలిచి ఉన్నది. కొద్దిరోజులకే ఓడ ఆగిపోయి, తిరిగి 2024 ఆగస్టులో గాని కదలలేదు. ప్లినీని ఎవరైనా చదివి ఉంటే ప్రారంభోత్సవం మరొక నెలలో పెట్టేవారేమో! 2025 నవంబరు చివర దిత్వా తుపాను ఆ దీవిలో వందలాది ప్రాణాలను తీసింది. మాసం మళ్ళీ అదే.

కాబట్టి ప్రయాణం తలపెట్టినవారికి నేను చెప్పగలిగేది ఇది. కొలంబో, గాలె, దక్షిణ తీరం చూడదలిస్తే డిసెంబరు నుండి మార్చి వరకు వెళ్ళండి. శ్రీపాద శిఖరం ఎక్కే యాత్ర కూడా డిసెంబరు పున్నమి నుండి వైశాఖ పున్నమి వరకే సాగుతుంది. వేసవి సెలవులే గతి అనుకొనేవారు నిరాశపడనక్కరలేదు. దిగడం పడమట దిగినా, నేరుగా పొడి మండలానికి దాటండి. అనురాధపురం, పొలొన్నరువ చూసుకొని, అష్టాదశ శక్తిపీఠాలలో మొదటిదిగా మనవారు తలచే శాంకరీదేవి నెలవైన త్రికోణమలకు చేరండి. మే నుండి సెప్టెంబరు వరకు అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులలో మిన్నేరియ చెరువు ఎండే కొద్దీ ఏనుగుల మందలు అక్కడికి చేరుతాయి. అక్టోబరు, నవంబరు నెలలను మాత్రం వదలివేయండి.

త్రికోణమలలో ఉన్నప్పుడు వీలైతే దక్షిణంగా కొట్టియారు అఖాతం వైపు ఒకసారి చూడండి. బందరు తుపాను తరిమితే అక్కడికి చేరిన ఓడ ఒకటి ఆ నీళ్ళలోనే లంగరు వేసింది.