కరువు కన్న పెంపుడు ప్రాణి

సీ మంకీల కథను అందరూ ఒక గడుసు వ్యాపారి కథగానే చెబుతారు. చీమలను పారదర్శకమైన పలకల మధ్య పెంచే ఆటవస్తువు అమెరికా పిల్లలను ఆకట్టుకోవడం చూసిన హెరాల్డ్ వాన్ బ్రాన్‌హట్, 1957 ప్రాంతంలో, నీళ్లలో పెంచడానికి వీలైన బుల్లి ప్రాణి కోసం వెతికాడు. ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్య అతని కంటబడింది. మొదట ‘ఇన్‌స్టంట్ లైఫ్’ పేరుతో 49 సెంట్లకు అమ్మాడు. 1962లో దాని తోకను చూసి ‘సీ మంకీస్’ అని పేరు మార్చి, కామిక్ పుస్తకాల నిండా ప్రకటనలు గుప్పించాడు. ఇదంతా నిజమే. అయినా ఈ ప్రాణిని ఇళ్లలోకి తెచ్చిన ఘనత ప్రకటనలకు ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఎండిపోయే మడుగుల్లో బతికి బట్టకట్టడానికి అది నేర్చుకున్న విద్యే లేకపోతే, ఎంతటి వ్యాపారీ దాన్ని కాగితపు పొట్లంలో పెట్టి పోస్టు చేయగలిగేవాడు కాదు.

ఆ విద్య గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1755లో ఇంగ్లండులోని లిమింగ్టన్ ఉప్పు మడుల్లో ష్లోసర్ ఈ జీవిని చూసి వర్ణించాడు. 1758లో లిన్నేయస్ దాన్ని తన జీవుల పట్టికలో చేర్చాడు. చేపలు బతకలేనంత ఉప్పదనమే దీనికి కోట. తప్పించుకునే వేగం గానీ, ఎదిరించే ఆయుధం గానీ లేని జీవి శత్రువు రాలేని చోటును వెతుక్కుంది. అయితే అలాంటి మడుగులకు ఎండిపోయే గుణం ఉంది. అందుకే ఆడ ఆర్టీమియా రెండు రకాలుగా సంతానాన్ని ఇస్తుంది. నీళ్లు అనుకూలంగా ఉన్నప్పుడు ఈదే పిల్లలనే కంటుంది. ఉప్పు ముదిరి, ప్రాణవాయువు తగ్గితే గట్టి పెంకు ఉన్న సిస్టులను వదులుతుంది. వీటిని వాడుకలో గుడ్లంటాం గానీ, మిల్లీమీటరులో నాలుగో వంతు ఉండే ఆ రేణువులో అప్పటికే నాలుగువేల కణాల దాకా ఎదిగిన పిండం ఉంటుంది. ట్రెహలోజ్ అనే చక్కెర దాని కణాలను కాపాడుతూ ఉండగా, ఒంట్లోని నీరంతా పోయినా చావకుండా ఏళ్ల తరబడి ఆగి ఉంటుంది. 1972లో అపోలో 16 నౌకలో చంద్రుడి దాకా వెళ్లిన జీవుల్లో ఈ సిస్టులూ ఉన్నాయి. తగిన నీళ్లు తగిలితే ఒకటి రెండు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. 1930 దశకంలోనే అమెరికాలో సీల్, నార్వేలో రోలెఫ్సెన్ ఈ పిల్లలు చేపపిల్లలకు మంచి మేత అని గుర్తించారు. వాన్ బ్రాన్‌హట్ వచ్చేనాటికే అక్వేరియం పెంపకందారులకు ఇవి తెలిసినవే.

మరి అతను చేసింది మోసమేనా? ప్రకటన బొమ్మ విషయంలో అవుననే అంటాను. జో ఓర్లాండో గీసిన ఆ బొమ్మలో తలపై కిరీటాల్లాంటి కొమ్ములతో, మనిషి మొహాలతో ఒక కుటుంబం నవ్వుతూ ఉంటుంది. పొట్లంలోంచి వచ్చేది సెంటీమీటరు పొడవున, పదకొండు జతల కాళ్లతో వెల్లకిలా ఈదే జీవి. అది పిల్లలకు చేసిన అన్యాయం. ఆ జీవికీ అన్యాయమే, ఎందుకంటే అసలు రూపాన్ని చూసి అబ్బురపడే అవకాశాన్ని ఆ బొమ్మ ముందే చెడగొట్టింది. కానీ పొట్లాల కిటుకును ఆ గాటన కట్టలేం. ‘నీటిని శుద్ధిచేసే’ మొదటి పొట్లంలోనే ఉప్పుతో పాటు సిస్టులూ ఉండేవి. ఒక రోజు ఆగి రెండో పొట్లం కలిపితే, అప్పటికే పొదిగిన పిల్లలు అప్పుడే పుట్టినట్టు కనిపించేవి. 1972లో పేటెంటు వచ్చింది ఈ పద్ధతికే. మామూలు కుళాయి నీటిని ఇంట్లోనే ఆర్టీమియాకు అనువుగా మార్చడం తేలిక పని కాదు. సముద్ర జీవశాస్త్రజ్ఞుడు ఆంథొనీ డాగొస్టినో సాయంతో, చిన్న తొట్టిలో ఎక్కువ కాలం బతికే రకాన్ని కూడా తయారుచేశారు. వాన్ బ్రాన్‌హట్‌కు జాతిద్వేష సంస్థలతో సంబంధాలున్నాయని 1988లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. పుట్టుపూర్వోత్తరాలు రాసేటప్పుడు ఆ మచ్చను దాచకూడదు. అయితే అది ఆ మనిషిదే తప్ప ఈ ప్రాణిది కాదు.

చేపల మేతను పెంపుడు ప్రాణి అనడమేమిటన్నది మరో ఆక్షేపణ. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా మన తీరం వెంబడి ఉన్న హేచరీల్లో దీన్ని మేతగానే చూస్తారు. దిగుమతైన టిన్నులు విప్పి, గాలి కొట్టే ట్యాంకుల్లో సిస్టులు పొదిగించి, ఆ పిల్లలను రొయ్య సీడ్‌కు వేస్తారు. అది వాళ్ల అవసరం, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక జీవి ఎవరికి మేత అన్నదాన్ని బట్టి అది పెంపకానికి పనికొస్తుందో లేదో తేలదు. చూసుకునేవాళ్ల శ్రద్ధకు అది స్పందిస్తుందా అన్నది అడగాలి. ఆర్టీమియా స్పందిస్తుంది. లీటరు క్లోరిన్ లేని నీటికి 30 నుంచి 35 గ్రాముల ఉప్పు, 25 డిగ్రీల పైన వెచ్చదనం, మంచి వెలుతురు ఉంటే రెండు మూడు వారాల్లో పెద్దదవుతుంది. పుట్టిన తొలి గంటల్లో దానికి మేతే అక్కర్లేదు, లోపలి పచ్చసొన సరిపోతుంది. తర్వాత ఈస్టు గానీ స్పిరులినా పొడి గానీ చిటికెడులో చిటికెడు చాలు. ఇళ్లలో ఇవి చచ్చిపోయేది ఎక్కువగా మేత ఎక్కువైనందువల్లే. తినకుండా మిగిలింది కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. కొక్కేల్లాంటి స్పర్శశృంగాలతో మగది ఆడదాన్ని పట్టుకుని రెండూ కలిసి ఈదుతుంటాయి. ఆ తర్వాత ఈదే పిల్లలు పుట్టాయంటే నీళ్లు బాగున్నాయని అర్థం. గోధుమరంగు సిస్టులు తేలితే ఆ తొట్టిలో ఏదో లోపించిందని అనుమానించాలి. తన స్థితిని ఇంత స్పష్టంగా చెప్పే ప్రాణిని ఆటవస్తువు అని తోసిపుచ్చడం నాకు సబబనిపించదు.

ఈ సిస్టులకు ప్రపంచంలో పెద్ద వనరుల్లో ఒకటి అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్. అక్కడ 1950ల నుంచీ వాటిని వ్యాపారానికి సేకరిస్తున్నారు. అక్టోబరులో సేకరణ మొదలవుతుంది. వచ్చే ఏటి సంతానానికి మిగలాల్సిన సంఖ్య కంటే తగ్గే సూచన కనిపిస్తే అధికారులు దాన్ని ఆపేస్తారు. సరస్సును నింపే నదుల నీటిని పొలాలకు, ఊళ్లకు మళ్లించడం వల్ల, దానికి వానలేమి తోడై, 2022లో నీటిమట్టం నమోదైన చరిత్రలోనే అతి తక్కువకు పడిపోయింది. ఉప్పదనం ఆర్టీమియాకే ప్రమాదమయ్యే స్థాయికి పెరిగింది. అప్పుడప్పుడూ వచ్చే కరువును దాటడానికి సిస్టు చాలు. కానీ అది మళ్లీ ఈదాలంటే ఏదో ఒక ఏడు నీళ్లు తిరిగి రావాలి, ఆ నీళ్లను సరస్సు దాకా చేరనివ్వడమన్నది ఇప్పుడు యూటా ప్రజల చేతుల్లో ఉన్న నిర్ణయం.