దేవుడిచ్చిన చవుడు

పల్నాడు పేరెత్తగానే మనకు రాళ్లూ, జొన్నకూడూ, నీటి కరువూ గుర్తుకొస్తాయి. శ్రీనాథుడి పేర చెలామణీ అయ్యే చాటువులు మనకు ఆ అలవాటు చేసిపెట్టాయి. అలాంటి సీమలో నీరు ఎక్కువై చేను చెడిందంటే నవ్వేవాళ్లుంటారు. దాచేపల్లి దగ్గర ఒక పల్లపు చేలో ఎండాకాలం నిలబడి చూసివుండకపోతే నేనూ నవ్వేవాణ్ణే. నల్లరేగడి మీద సున్నం చల్లినట్టు తెల్లని పొర. "మా నాయన నాడు ఇక్కడ పత్తి నడుమెత్తు లేచేదండీ. ఇప్పుడిది దేవుడిచ్చిన చవుడు," అన్నాడు ఆ చేను కౌలుకు చేసే రైతు.

ఈ దేవుడికి ఒక చరిత్ర ఉంది.

ఎంత మంచి కాలువనీటిలోనైనా ఉప్పు కొంత ఉంటుంది. లీటరుకు అర గ్రామే అనుకుందాం. అలాంటి నీరు ఎకరాకు మీటరు లోతున పారిస్తే 2 టన్నుల ఉప్పు చేలోకి వచ్చినట్టే. మొక్క నీటిని తాగి ఉప్పును విడిచిపెడుతుంది. మురుగు పోయే దారి లేకపోతే అడుగున ఊట పైకి లేస్తుంది. రేగడి దాన్ని వత్తిలా పీలుస్తుంది. ఎండ నీటిని పట్టుకుపోయి ఉప్పును పైన మిగులుస్తుంది.

ఇది నిన్న తెలిసిన సంగతి కాదు. బొంబాయి దక్కనులో కరువు నివారణ పేర తవ్విన నీరా కాలువకు 1880లలో నీళ్లొచ్చాయి. కరువు కాలువ కాస్తా చెరకు కాలువ అయింది. చెరకుకు ఏడాది పొడుగునా తడులు కావాలి. సర్కారుకు నీటితీరువా కావాలి. రేగడి ఊటెక్కింది. ఆ లోయలోని చవుడు భూముల మీద హెరాల్డ్ మన్, తమ్హానే 1910లోనే ప్రత్యేకంగా పరిశీలన ప్రకటించారు. నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. కాలువలకు నీరు వదిలింది 1967 ఆగస్టు 4న. అంటే ఆ పాఠం చదువుకోవడానికి పాలకులకు 45 ఏళ్ల వ్యవధి దొరికింది.

ఆనకట్టే తప్పు అనేవారితో నాకు పొత్తు కుదరదు. మెట్ట రైతుకు సాగరు నీరు ఏమిటో వాళ్లకు తెలియదు. నా ఆక్షేపణ వేరు. కాలువల మీద శిలాఫలకాలు చాలా చూశాను. మురుగు కాలువకు ఒక్కటీ నా కంటపడలేదు. ఈ చేను పక్కన ఉన్నది జమ్ము పట్టి, సర్కారుతుమ్మ మొలిచి పూడిపోయింది.

నష్టం కూడా అందరికీ ఒకేలా రాదు. నేల లవణీయత మీటరుకు 1.7 డెసీసీమెన్లు దాటితే చెరకు దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పత్తి 7.7 దాకా ఓర్చుకుంటుంది. మిరప 1.5 దగ్గరే దెబ్బతింటుంది. అంటే చవుడు ముందుగా మింగేది, కౌలుదారుకు అప్పు తీరే దారిగా కనిపించే మిరపనే. ఎగువ తూము కింద మోతుబరి తెగబారించిన నీరు దిగువ పల్లంలో ఊటగా తేలుతుంది. ఊట ఇతనిది, నీరు అతనిది.

మందు లేదా అంటే ఉంది. తెల్లచవుడయితే మంచినీరు నిలగట్టి కడగాలి; కడిగిన ఉప్పు పోవడానికి మురుగు కాలువ ఉండాలి. అది పదిమంది పొలాల గుండా పోవాలి గనక ఒక్కడు తవ్వుకోగలిగేది కాదు. సోడియం మట్టిని పట్టేసి నేల బిగిసిపోతే జిప్సం వేయాలి. దేనికైనా ఏళ్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి పెట్టిన గడువు 11 నెలలు. దానికీ యజమాని సంతకం ఉండాలి.

జిప్సం సంగతి ఆ రైతు నడిగాను.

"వేస్తే బాగుపడుతుందండీ. బాగుపడ్డాక కౌలు పెంచుతారు, లేదా వాళ్లే చేసుకుంటారు," అన్నాడు.

ఆ ఏడు కౌలు మాత్రం ఎకరాకు పైచేలకెంతో దీనికీ అంతే చెల్లించాడు.