మాంట్రియల్: రెండు భాషల నగరంలో అర్థాన్వేషణ

కెనడాలోని మాంట్రియల్ నగరాన్ని తూర్పు పడమరలుగా విడదీసే సెయింట్ లారెంట్ వీధికి ఒకవైపు ఫ్రెంచివారు, మరొకవైపు ఇంగ్లీషువారు అధికంగా స్థిరపడడం వల్లా, బడులు కూడా వేరువేరుగానే సాగడం వల్లా, అక్కడ రెండో భాష కొందరికి ఇంట్లోనే, కొందరికి బడిలో, మరికొందరికి కొలువులో చేరాక అబ్బేది. ద్విభాషి మనసులో రెండు భాషల పదాలకూ అర్థం ఒక్కటేనా, వేరువేరా అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో ఈ నగరం ముఖ్యమైన పరిశోధనాక్షేత్రం కావడానికి ఈ వైవిధ్యం ఎంతో తోడ్పడింది.

1934లో అక్కడ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పిన శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్, మూర్ఛకు మూలమైన భాగాన్ని తొలగించేటప్పుడు రోగికి మాట పోకూడదని, అతన్ని మెలకువగా ఉంచి, మస్తిష్క వల్కలాన్ని, అంటే మెదడు పైపొరను, స్వల్ప విద్యుత్తుతో తాకుతూ బొమ్మల పేర్లు చెప్పించేవారు. రెండు భాషలకూ వేరువేరు స్థానాలున్నట్టు ఆధారం కనిపించలేదని, భాష మారడానికి తనంతట తానే పనిచేసే ఒక యంత్రాంగం ఉండవచ్చని లామార్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో వెలువరించిన గ్రంథంలో ఆయన ప్రతిపాదించారు.

అయితే పేరు పలకడం వేరు, అర్థం తెలియడం వేరు. ఈ రెండో విషయాన్ని పట్టుకున్న ఘనత మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్‌ది. అంతకుముందు 1953లో భాషాశాస్త్రవేత్త ఊరియల్ వైన్‌రైక్ ద్విభాషుల తీరును మూడుగా విభజించారు: రెండు పదాలు ఒకే అర్థాన్ని పంచుకుంటే సంయుక్తం, ఒక్కో పదానికి తనదైన అర్థం ఉంటే సమాంతరం, కొత్త పదం పాత పదం ద్వారానే అర్థాన్ని చేరితే ఆశ్రితం. ఈ విభజనను పరీక్షించేందుకు లాంబర్ట్ బృందం 1958లో అర్థభేదమాపనం అనే పద్ధతిని, అంటే ఒక పదాన్ని మంచి-చెడు వంటి విరుద్ధ విశేషణాల మధ్య ఎక్కడ నిలుపుతారో కొలిచే పద్ధతిని, రెండు భాషల సమానపదాలపై ప్రయోగించింది. భాషలను వేరువేరు పరిస్థితుల్లో నేర్చినవారిలో ఆ అర్థాల మధ్య దూరం ఎక్కువగా కనిపించింది. అందులోనూ రెండు భిన్న సంస్కృతుల మధ్య బతికినవారిలోనే అది స్పష్టంగా తేలింది. ఒకే సంస్కృతిలో, ఒక భాష ఇంట, మరొకటి బయట నేర్చినంత మాత్రాన అంత దూరం ఏర్పడలేదు. పదానికి అర్థాన్నిచ్చేది నిఘంటువు కంటే జీవితమేనని చూపిన ఈ ఫలితం ఆ కాలపు పరిశోధనల్లో అత్యంత విలువైనదిగా చెప్పదగినది.

మనుషులను ఇలా తెగలుగా విడదీయడం మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. ఒకే మనిషిలో వస్తువుల పేర్లు రెండు భాషల్లోనూ దగ్గరగా ఉంటూ, భావవాచకాలు దూరమవుతాయని 1963లో పాల్ కోలర్స్ పరిశీలన సూచించింది. ఆశ్రితం అన్నది ఒక తెగ కాదనీ, నేర్చుకునే తొలిదశ అనీ, ప్రావీణ్యం పెరిగేకొద్దీ కొత్త పదం నేరుగా అర్థాన్ని అందుకుంటుందనీ 1994లో జూడిత్ క్రోల్, ఎరికా స్టూవర్ట్ వివరించారు.

పెన్‌ఫీల్డ్ సంస్థలోనే 1995లో డెనీస్ క్లైన్, బ్రెండా మిల్నర్, వారి సహచరులు, ఐదేళ్ల వయసు దాటాక ఫ్రెంచి నేర్చిన ఇంగ్లీషువారి మెదడులో రక్తప్రసరణను పెట్ స్కాన్‌తో కొలిచారు. పర్యాయపదం వెతికినా, అనువదించినా, ఏ భాషలోనైనా ఎడమ ముందుభాగంలో దాదాపు అవే ప్రాంతాలు చురుకయ్యాయి. రెండో భాషలో పలికినప్పుడు మాత్రం కదలికలతో సంబంధమున్న పుటామెన్ అనే లోతట్టు భాగం అదనంగా పనిచేసింది. ఆలస్యంగా నేర్చిన భాషను ఉచ్చరించడంలోని శ్రమే అందుకు కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావించారు.