సీఈఏ: పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక ప్రోటీన్ సూచిక
కార్సినోఎంబ్రియోనిక్ యాంటిజెన్, పొట్టిగా సీఈఏ, పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో జబ్బు ఎటు పోతుందో అంచనా వేయడానికి విరివిగా వాడే రక్తపరీక్ష. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ ఈ ప్రోటీన్‌ను గుర్తించారు. కణితిలోనూ గర్భస్థ పిండం పేగుల్లోనూ కనిపించింది కాబట్టే ఆ పేరు. క్యాన్సర్‌ను ముందే పట్టిస్తుందన్న తొలినాటి ఆశ మాత్రం నిలవలేదు. పొగతాగేవారిలో, కాలేయ జబ్బుల్లో కూడా ఇది పెరుగుతుంది. తొలిదశ కణితి ఉన్నా చాలామందిలో మామూలుగానే ఉంటుంది. దీని విలువ ఒక్క అంకెలో కాదు, ఆ అంకె నడకలో ఉంది. ఆపరేషన్‌కు ముందు మిల్లీలీటరుకు 12 నానోగ్రాములున్న సీఈఏ, కణితి పూర్తిగా తీసేస్తే కొన్ని వారాల్లో 5 లోపుకు దిగాలి. దిగకపోతే ఎక్కడో, తరచుగా కాలేయంలో, జబ్బు మిగిలిందని అనుమానించాలి.

జబ్బు తిరగబెట్టినా సీఈఏ పెరగని రోగులున్నారు కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే స్కాన్లు, కొలనోస్కోపీ మానరు. బ్రిటన్‌లో జరిగి 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో సీఈఏతోనో స్కాన్‌తోనో వెంటాడినప్పుడు నయం చేయగల ఆపరేషన్‌కు వీలున్న కేసులు పెరిగాయి, ఆయుష్షు పెరిగినట్టు మాత్రం స్పష్టంగా తేలలేదు. సీఈఏ ఒక్కటే సూచిక కాదు; ఒక ప్రోటీన్ లేకపోవడం ఎప్పుడూ చెడ్డదనీ అనుకోరాదు: కణితి ముక్కకు రంగు వేసి చూసినప్పుడు ఎంఎల్‌హెచ్1 వంటి డీఎన్‌ఏ మరమ్మతు ప్రోటీన్ కనిపించకపోతే, రెండో దశలో అది సాధారణంగా మంచి కబురే.